బీబీ బస్సు కోసం రాసిన అర్జీ

ఆగస్టు 18, సోమవారం

ఇవాళ బీబీ బస్సులో ఆడవాళ్ళం ముగ్గురమే. నేను, ఆకుకూరల గంపతో ఒక ముసలమ్మ, గిద్దలూరు ఆస్పత్రికి పోయే ఒక నెలలు నిండిన పిల్ల. మిగతావాళ్ళంతా ముందు వచ్చిన ఆర్టీసీ బస్సెక్కి వెళ్ళిపోయారు. శుక్రవారం నుంచి అందులో ఆడవాళ్ళకు టికెట్ లేదు కదా. ఇన్నేళ్ళుగా మా రాళ్ళపల్లె అనే ఊరు ఒకటుందని తెలియనివాళ్ళు ఇప్పుడు సరిగ్గా ఏడు గంటలకు, బీబీ బస్సు కంటే పది నిమిషాల ముందు, ఒక బస్సు వేశారు. ఎవరి తెలివో గాని చేతులెత్తి మొక్కాలి.

బట్టల దుకాణంలో పనిచేసే నాగవేణి పదకొండేళ్ళుగా నా పక్క సీటులో కూర్చుని నా భుజం మీదే నిద్రపోతూ వచ్చిన మనిషి. ఆమె కూడా ఆర్టీసీ కిటికీలోంచి చెయ్యి ఊపింది. "అక్కా, రా అక్కా, ఊరికేనే!" అని కేకేసింది. నేను వినబడనట్టు గొడుగు సర్దుకున్నాను.

నేనేదో నియమం పెట్టుకుని మానేశానని కాదు. ఆర్టీసీ బస్సు మెట్టు ఎత్తు. నాకు మోకాళ్ళ నొప్పులు. అంతే.

ఆగస్టు 19

బీబీ బస్సు మెట్టు కూడా అంతే ఎత్తు. ఇవాళ గమనించాను.

ఆగస్టు 26, మంగళవారం

బడి నుంచి వస్తూ గిద్దలూరు స్టాండులో మొహిద్దీన్ బాషా భాయ్ దగ్గర ఆగాను. వేపచెట్టు కింద అదే ఇనుప కుర్చీ, అదే టోపీ. ఈ బస్సులకు యజమాని ఆయనే. బస్సులకు అని రాశాను. ఒకప్పుడు ఆరు ఉండేవి. ఇప్పుడు ఒక్కటే మిగిలింది, బేస్తవారిపేట నుంచి మా పల్లెల మీదుగా గిద్దలూరుకు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ముందు అద్దం పైన పచ్చరంగుతో వాళ్ళమ్మ గౌసియాబీ పేరు రాయించాడు. అందుకే అది ఈ ప్రాంతమంతటికీ బీబీ బస్సు. ముప్పై ఏళ్ళుగా నేను ఎక్కుతున్నది ఆ పేరే.

టీ తెప్పించాడు. "నవంబరుకు పర్మిట్టు అయిపోతది టీచరమ్మా. మళ్ళీ తీసుకునేది ఎందుకో నాకే అర్థం కాలే. బండి ముసల్ది, నేను ముసలోణ్ణి. ఇంక ఆ డ్రైవరు షబ్బీరు ఒక్కడే పడుచోడు, వానికీ యాభై రెండు" అన్నాడు.

"అట్ల అంటే ఎట్ల భాయ్? మేం లేమా?" అన్నాను.

"మేము అంటే ఎంతమంది?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. టీ చల్లారేదాకా గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

బీబీ బస్సు ఆగిపోతే నేనేం చేస్తాను? ఆర్టీసీలో పోతాను, ఊరికే పోతాను, ఇంకా మిగులుతుంది. ఈ ప్రశ్నకు ఇంత సులువైన జవాబు ఉండడం నాకు కష్టంగా ఉంది.

సెప్టెంబరు 5, శుక్రవారం

ఉపాధ్యాయ దినోత్సవం. తొమ్మిదో తరగతి పిల్లలు పెన్నిచ్చారు. మంచి పెన్ను. దీంతో ఏం రాయాలో నాకు తెలిసిపోయింది.

సెప్టెంబరు 7, ఆదివారం

చర్చి నుంచి వచ్చి అన్నం కూడా తినకుండా కూర్చున్నాను. సబ్ కలెక్టరు గారికి అర్జీ. ఈ చుట్టుపక్కల పింఛను అర్జీ అయినా, కరెంటు స్తంభం అర్జీ అయినా రాసేది నేనే. తెలుగు టీచరు అన్నాక ఊరికి ఆమాత్రం ఉపయోగపడాలి. కాని ఇలాంటిది ఎప్పుడూ రాయలేదు. మూడుసార్లు చింపి నాలుగోసారికి కుదిరింది. గొప్ప చెప్పుకోవడం కాదు, చదివి నాకే కళ్ళు చెమర్చాయి.

ప్రైవేటు బస్సు కదా, దాన్ని ప్రభుత్వం ఎందుకు బతికించాలి అని అడుగుతారు. అందుకని అది మామూలు బస్సు కాదని ఒక్కొక్కటే చెప్పాను. స్టాపు ఉన్నా లేకపోయినా చెయ్యెత్తిన ప్రతి మనిషికీ ఆగుతుంది. కూలికి పోయేవాళ్ళు అన్నం మూట మరిచిపోయి ఇంటికి పరిగెత్తితే వాళ్ళు వచ్చేదాకా కదలదు. పాల క్యానులు, మేకలు, బడి పుస్తకాలు, పెళ్ళి కుర్చీలు అన్నీ పైన వేసుకుని తెస్తుంది. కరోనా తర్వాత బస్సులు లేని రోజుల్లో ముప్పై ఎనిమిది సీట్ల బండిలో తొంభై మందిని, ఎవర్నీ దింపకుండా, గిద్దలూరు చేర్చింది. ఇరవై ఆరేళ్ళ బండి అయినా మా షబ్బీరు చేతిలో పసిబిడ్డలా ఉంది.

ఆరో పేరా మా ఆయన జాకబ్ గురించి. అర్జీలో రాయగలిగాను. ఇక్కడ రాయలేను.

సాయంత్రం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీదే సంతకాలు పెట్టించాను. నాగవేణి కూడా వచ్చి పెట్టింది. "నేను ఎక్కకపోయినా బస్సు ఉండాల గదక్కా" అంది. ఆ మాటకు కోపం రావాలో, నవ్వాలో తెలియక "పేరు పూర్తిగా రాయి" అన్నాను.

సెప్టెంబరు 8, సోమవారం

సెలవు పెట్టి మార్కాపురం వెళ్ళి, సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇచ్చి వచ్చాను. అక్కడి గుమాస్తా నా చేతిరాత చూసి "టీచరా అమ్మా?" అన్నాడు. వేరే శాఖకు పంపుతామన్నాడు. రశీదు తీసుకున్నాను.

సెప్టెంబరు 10

బాషా భాయ్‌కి తెలుగు కూడబలుక్కుంటే గాని రాదు. అర్జీ జిరాక్సు నేనే చదివి వినిపించాను. ఆరో పేరా దగ్గర టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నా ఆరు బస్సులూ తిరిగి వచ్చినట్టు ఉంది తల్లీ" అన్నాడు. టీచరమ్మా అనేవాడు ఎప్పుడూ. ఇవాళ తల్లీ అన్నాడు.

సెప్టెంబరు 11

పొద్దున చూద్దును కదా, ఆ జిరాక్సును ప్లాస్టిక్ కవరులో పెట్టి డ్రైవరు సీటు వెనక అతికించి ఉంది. ఎక్కినవాళ్ళంతా నిలబడి చదువుతున్నారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను గాని, ఎవరు ఎక్కడిదాకా చదివారో నాకు తెలుస్తూనే ఉంది.

సెప్టెంబరు 22

పద్నాలుగు మంది ఆడవాళ్ళం. లెక్కపెట్టాను. అర్జీ మహిమ.

సెప్టెంబరు 30

ఐదుగురం. దసరా సెలవులు కదా, అందుకని. నేనూ సరుకులకని ఎక్కాను.

అక్టోబరు 9, గురువారం

సెలవులై బడి తెరిచి వారమైనా ఐదుగురమే. సరే, అది కాదు. మా ఊరు దాటాక బ్రేక్ ఇన్‌స్పెక్టరు జీపు అడ్డం పెట్టి బండిని ఆపాడు. మమ్మల్నందర్నీ దింపి సీట్లు, టైర్లు, పైన కట్టిన పాల క్యానులు ఫోటోలు తీసుకున్నాడు. షబ్బీరు సీటు వెనక అతికించిన అర్జీని కూడా ఫోటో తీశాడు. నేను సంతోషించాను. పై ఆఫీసరుకు చూపిస్తాడు కాబోలు అనుకున్నాను.

అనుకున్నాను అని రాయడమెందుకు. పక్కనున్న ముసలమ్మతో గట్టిగా అన్నాను కూడా.

అక్టోబరు 14, మంగళవారం

సాయంత్రం షబ్బీరు ఇంటికి వచ్చాడు. వరండాలో చెప్పులు విడిచి, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "మోటారు ఆఫీసు నుంచి వచ్చినాది టీచరమ్మా. బాషా మామకు అర్థం కాలే, నాకా చదువు రాదు, నీకాడికి తీస్కపోయి చదివించుకొని రమ్మన్నాడు" అన్నాడు. ఈ ఊళ్ళో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే వస్తుంది.

నోటీసు. పర్మిట్టు ఎందుకు రద్దు చేయకూడదో పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని. కింద ఆరోపణలు.

ఒకటి: అనుమతించిన స్టాపులు కాని చోట్ల చెయ్యెత్తిన ప్రతి మనిషికీ ఆపుట. రెండు: సమయపాలన లేక ప్రయాణికుల కొరకు బండిని నిలిపి ఉంచుట. మూడు: బస్సుపై పశువులను, సరుకులను రవాణా చేయుట. నాలుగు: ముప్పై ఎనిమిది సీట్ల బండిలో తొంభై మందిని ఎక్కించుట. ఐదు: ఇరవై ఆరేళ్ళ వాహనమును నడుపుట.

నా వాక్యాలు. చివరన ‘ఉట’లు తగిలించారు, అంతే. నా వరుస కూడా మార్చలేదు.

ఆరు: తేదీ 11-6-2009న వాహనమును నిర్ణీత మార్గమునుండి తప్పించి, ప్రయాణికులతో సహా ప్రభుత్వ ఆస్పత్రికి మళ్ళించుట.

తేదీ వేసింది నేనే. అర్జీలో తేదీ ఉంటే బలం అని పిల్లలకు చెబుతుంటాను.

షబ్బీరు నా మొహం చూస్తున్నాడు. "ఏముంది టీచరమ్మా?"

చదివాను. ఐదు దాకా చదివాను. ఆరోది చదవలేదు.

"ఇవన్నీ వాళ్ళకెట్ల తెలిసినాయి?" అన్నాడు.

"ఎవరో గిట్టనివాళ్ళు రాసినట్టున్నారు షబ్బీరూ" అన్నాను.

నేనే అన్నాను. ఈ నోటితోనే.

అక్టోబరు 15

తలనొప్పి. బడికి వెళ్ళలేదు.

అక్టోబరు 16

రాస్తే గాని ఊపిరి ఆడేలా లేదు, రాస్తాను.

ఆ రోజు జాకబ్‌ను గిద్దలూరు పళ్ళ డాక్టరుకు చూపించడానికి బయలుదేరాం. పన్ను నొప్పి అన్నాడు. పన్ను నొప్పి కాదు. సగం దారిలో నా మీదికి ఒరిగి చెమటలు కారిపోయాడు. నేను అరిచాను. షబ్బీరు వెనక్కి తిరిగి చూశాడు, తర్వాత ఎక్కడా ఆపలేదు. చెయ్యెత్తినవాళ్ళ ముందు నుంచి దుమ్ము లేపుకుంటూ పోయాడు. స్టాండుకు పోకుండా నేరుగా ఆస్పత్రి ఆవరణలోకి పోనిచ్చాడు. బస్సు నిండా జనం. పరీక్షకు పోయే పిల్లలు, కోర్టు వాయిదాకు పోయేవాళ్ళు. ఒక్కడంటే ఒక్కడు మా స్టాపులో దింపమని అడగలేదు. నలుగురు కలిసి సీటుతో సహా ఎత్తినట్టే ఎత్తి లోపలికి తీసుకుపోయారు. డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, దారిలోనే పోయాడమ్మా అన్నాడు.

బయటికి వస్తే బస్సు అక్కడే ఉంది. జనం అంతా దిగి నిలబడి ఉన్నారు. మమ్మల్ని అదే బస్సు మళ్ళీ రాళ్ళపల్లెకు తెచ్చింది. జాకబ్ కూర్చున్న సీటులోనే ఇన్నేళ్ళుగా నేను కూర్చుంటున్నాను. మోకాళ్ళ నొప్పులట, మెట్టు ఎత్తట. ఎవరికి చెప్పుకుంటున్నానో ఈ అబద్ధాలు!

అది మేలు అనుకుని రాశాను. ఇంతకంటే గొప్ప మేలు ప్రపంచంలో ఏ బస్సూ చేసి ఉండదు అనుకుని రాశాను. వాళ్ళు దానికి ఆరో నంబరు వేశారు.

అక్టోబరు 17, శుక్రవారం

ఇది కూడా రాయాలి.

పొద్దున స్టాపులో షబ్బీరు బండి ఆపి దిగి, ఇవాళ ఆలస్యమైన ఆర్టీసీ కోసం నిలబడిన నాగవేణి మీదికి పోయాడు. "పదకొండేండ్లు ఎక్కించుకుంటిమి, బస్సులో గుట్టంతా నీకు తెలుసు. ఆ పక్క చేరినాక నువ్వేగా రాసింది?" అన్నాడు. నాగవేణి తెల్లబోయింది. "నేనేంది, రాసేదేంది? నాకు పేరు రాసేదే గగనం. కావాలంటే అక్కను అడుగు" అని నా వైపు చూసింది.

నేను బస్సెక్కి కూర్చున్నాను.

ఆర్టీసీ వచ్చినా ఆమె ఎక్కలేదు. కొంగు అడ్డం పెట్టుకుని ఇంటి వైపు నడిచింది. ఒక రోజు కూలి పోయింది ఆమెకు, నా వల్ల.

అక్టోబరు 20

బాషా భాయ్ ఒక్కమాట కూడా అడగలేదు నన్ను. "టీచరమ్మ చెప్పినట్టు సంజాయిషీ రాయిద్దాం" అని మాత్రం షబ్బీరుతో అన్నాడట. రాసిచ్చాను. ఆ రాతలో ప్రాణం లేదు. ఏం రాసినా మళ్ళీ దేన్ని ‘ఉట’గా మారుస్తారోనని రెండు మాటలు రాసి ఒకటి కొట్టేశాను.

అర్జీ ఇంకా సీటు వెనకే ఉంది. తీసేయమని ఎలా చెప్పను?

అక్టోబరు 31, శుక్రవారం

బాషా భాయ్ ఒక్కడే మోటారు ఆఫీసుకు విచారణకు వెళ్ళొచ్చాడు. సాయంత్రం స్టాండులో అడిగాను. "అయిపోయింది తల్లీ. పర్మిట్టు మళ్ళీ ఇయ్యరంట. వచ్చే వారం శనివారం దాకా తిరగనిస్తారు" అన్నాడు. ఎండ తగ్గింది, ఇంటికి పో అన్నాడు. కోపంగా ఏమైనా అంటాడేమో అని ఎదురుచూశాను. అనలేదు. నేను కూడా చెప్పలేదు. చెప్పాలనే వెళ్ళాను. షబ్బీరు పక్కన ఉన్నాడు, అందుకని చెప్పలేదు.

షబ్బీరు టీకి వెళ్ళి పావుగంట దాకా రాలేదు.

నవంబరు 2, ఆదివారం

నెలలో మొదటి ఆదివారం, ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. పాస్టరు గారు ఎప్పటిలాగే, ఎవరితోనైనా చెడి ఉంటే సమాధానపడి రండి, లేకపోతే ముట్టవద్దు అన్నారు. అందరూ వరుసగా లేచారు. నా వంతు వచ్చినా నేను లేవలేదు. పెళ్ళికి ముందు నుంచి ఒక్కసారి కూడా తప్పలేదు నేను, జాకబ్‌ను పూడ్చిన మరుసటి ఆదివారం కూడా. అందరూ చూశారు. రెండో బెంచీలో టీచరమ్మ బల్ల తీసుకోలేదు అంటే ఊళ్ళో అంతకంటే వార్త ఏముంటుంది! బయట ఇద్దరు అడిగారు. ఒంట్లో బాగాలేదన్నాను.

చర్చి ఆవరణలోనే ఇంకొక అబద్ధం.

నవంబరు 3, సోమవారం

బడి కాగానే నాగవేణి పనిచేసే దుకాణానికి వెళ్ళాను. చీరలు మడతపెడుతోంది. నిలబడే చెప్పేశాను. రాసింది నేనేనని, నా రాతనే నేరం కింద పెట్టారని, ఆ రోజు తెలిసి కూడా నోరు విప్పలేదని.

ఆమె మడత ఆపలేదు. "బస్సు గురించి నువ్వు మంచికే రాసినావు, అది నాకు తెలుసు. నేనూ సంతకం పెట్టినా గదా" అంది. తర్వాత, "స్టాపులో మాత్రం నువ్వు నా దిక్కు చూడలేదక్కా. అది మాత్రం మంచికి కాదు" అంది.

కాదు. ఆమె చెప్పింది నిజం. క్షమించమని అడిగాను. ఆమె చీర నా చేతికిచ్చి, ఆ చివర పట్టుకోక్కా అంది. ఇద్దరం కలిసి మడతపెట్టాం. క్షమించినట్టో కాదో నాకు తెలియలేదు.

నవంబరు 8, శనివారం

ఇవాళ సాయంత్రం ఆఖరి ట్రిప్పు.

పొద్దున షబ్బీరు అద్దం తుడిచి గౌసియాబీ పేరు మీద బంతిపూల దండ వేశాడు. చాలామంది వచ్చారు, ఇన్నాళ్ళూ ఎక్కనివాళ్ళు కూడా. నాగవేణి కూడా వచ్చింది. నా పక్కన కాదు, వెనక సీటులో కూర్చుంది. కూర్చుంది, అదే చాలు.

సాయంత్రం నేను అందరికంటే ముందే స్టాండుకు వెళ్ళాను. బాషా భాయ్ వేపచెట్టు కింద లేడు. బస్సులో ఉన్నాడు, నా సీటు ఎదురుగా. నన్ను చూసి లేవబోయాడు. కూర్చోమన్నాను. ఇంకెవరూ లేరు. ఇప్పుడు కూడా చెప్పకపోతే ఇక నేను మనిషిని కాదు అనిపించింది.

"భాయ్, బస్సును ఆపించింది నేను" అన్నాను. "ఆ నోటీసులో ఉన్నదంతా నా అర్జీయే. మీకు చదివి వినిపించిందే. షబ్బీరుకు అబద్ధం చెప్పినా. మీకు చెప్పలేకపోయినా."

"తెలుసమ్మా" అన్నాడు.

నేను నా సీటులో కూర్చున్నాను.

"విచారణ నాడు ఆ ఆఫీసరు నీ కాగితం ముందర పెట్టుకొని ఒక్కొక్కటే చదివినాడు. ఇది చేసినావా, అది చేసినావా అని. మంచోడే తల్లీ, పాపం. ఆయనకూ బండి ఆపాలని లేదు. ‘చూడు బాబాయ్, ఈ టీచరు అభిమానం కొద్దీ లేనిపోనివి కల్పించి రాసింది, ఇవేవీ జరగలేదు అని ఒక సంతకం పెట్టు. జరిమానా వేసి వదిలేస్తా, ఇంకో ఐదేండ్లు నడుపుకో’ అన్నాడు."

"పెట్టాల్సింది భాయ్" అన్నాను. "నేనే వచ్చి చెబుతుంటినే, అంతా కల్పించినానని."

"పెడదామనే పెన్ను పట్టుకున్నా. మేకలు ఎక్కించలేదంటే ఏమైతది? తొంభై మంది కాదు, నలభయే అంటే ఏమైతది? అన్నిటికీ ఊ అన్నా. ఆరోదాని కాడికి వచ్చినాడు." ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "అది ఒక్కటి తీసేయండి సార్, మిగతావన్నీ అబద్ధమని రాసిస్తా అన్నా. అట్ల కుదరదు, పెడితే అన్నిటికీ పెట్టాల అన్నాడు. ఆ మనిషి నా బస్సులో పానం ఇడిసినాడమ్మా. ఆ పొద్దు ఆయన నా బస్సు ఎక్కనే లేదని, మేము ఆస్పత్రికి పోనే లేదని నేను సంతకం పెట్టల్నా? పెన్ను ఆయన బల్ల మీద పెట్టి వచ్చేసినా."

షబ్బీరు వచ్చి బండి స్టార్ట్ చేశాడు. జనం ఎక్కారు. బాషా భాయ్ కళ్ళు తుడుచుకుని దిగిపోయాడు. ఆయన ఎప్పుడూ బస్సులో ఊళ్ళకు రాడు, స్టాండులోనే ఉండిపోతాడు.

జాకబ్ పోయిన రోజు నేను ఏడవలేదు. వచ్చినవాళ్ళకు కాఫీలు చూసుకున్నాను, పెట్టె కొలతలు చెప్పాను. ఇవాళ గిద్దలూరు నుంచి రాళ్ళపల్లె దాకా అందరి ముందూ ఏడ్చాను. బస్సు ఆగిపోయిందని ఏడుస్తోంది పాపం అనుకున్నారు. బస్సు కోసం కాదు. ఈ లోకంలో నా భర్త చావును నాతో పాటు మోసిన మనిషి ఇంకొకడున్నాడు. పదహారేళ్ళుగా ఆ సంగతి తెలియక, ఆయన ముందు నుంచే నడిచిపోయాను. తెలిసేసరికి ఆయనకు ఉన్న ఒక్క బస్సూ దానికే ఖర్చయిపోయింది.